డ్రాయింగ్ సార్ పెట్టె మళ్ళీ పలికింది: పాలమూరులో హార్మోనియం రిపేరు, బొమ్మల ఫ్రేములు

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరి సందులో బోర్డు లేని దుకాణం ఒకటుంది. తబలాలకు తోలు బిగించడం, డోలక్‌లకు తాళ్ళు మార్చడం, హార్మోనియం విప్పి కట్టడం అక్కడి పని. డ్రాయింగ్ సార్ ప్రభునందు నిద్రించాక ఆయన హార్మోనియం మందిరంలోనే ఉండిపోయింది. ఏడాది జ్ఞాపకార్థ కూడికలో అదే మోగాలని సంఘం దాన్ని ఈ దుకాణంలో ఇచ్చింది. సార్ వేసిన 11 నీటిరంగుల బొమ్మలు వేరే దుకాణానికి, ఫ్రేములకు వెళ్ళాయి. హార్మోనియం పని బాగా జరిగింది, ఒక్క పొరపాటు తప్ప. ఫ్రేముల పని మొదటిసారి చెడిపోయి రెండోసారి కుదిరింది. ఇలాంటి పెట్టె, ఇలాంటి బొమ్మలు ఇంట్లోనో మందిరంలోనో ఉన్నవాళ్ళు దుకాణంలో ఏం అడగాలో, దేనికి ఒప్పుకోకూడదో తెలియాలని ఇంత వివరంగా రాయడం.

సార్‌ను ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సర్కారు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని కూర్చోబెట్టి తయారుచేసేవారు. ఆ రెండూ పాసై, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వేసవి శిక్షణ పూర్తిచేసి, తామూ డ్రాయింగ్ మాస్టర్లైనవాళ్ళు ఆయన శిష్యుల్లో ఉన్నారు. ఆదివారం ఆరాధనలో హార్మోనియం ముందు ఆయనే. నల్లబల్ల మీద మనిషి తల గీసే ముందు మధ్యగీత వేసేవారు. పాట ఎత్తుకునే ముందు షడ్జమం పట్టి, వెనక చాపల మీద కూర్చున్నవాళ్ళ దాకా అది అందిందని తేలాకే మొదటి మాట రానిచ్చేవారు. ఆ కాసేపు మందిరంలో దగ్గు కూడా వినిపించేది కాదు.

ఇక పెట్టె సంగతి. మూడున్నర ఆక్టేవులు, 42 మెట్లు, రెండు లైన్ల రీడ్లు (గాలికి కదిలి పలికే ఇత్తడి నాలుకలు): ఒకటి బాస్, అంటే మంద్రంగా పలికేది, ఒకటి మేల్, అంటే దానికి పైది. అంటే డ్రోన్లు (ఆగకుండా ఒకే స్వరం పలికేవి) వదిలేస్తే 84 రీడ్లు. రీడ్లు గుజరాత్‌లోని పాలితానావి. చెక్క గట్టిదే. ఏడాది పాటు ఎవరూ ముట్టుకోకుండా, కిటికీ పక్కన, గుడ్డ కప్పి ఉంచారు. హార్మోనియం వాడితే అరుగుతుంది. వాడకపోతే అంతకంటే త్వరగా పాడవుతుంది. దుకాణానికి చేరేసరికి గాలి నిలవడం లేదు, మూడు మెట్లు నొక్కకుండానే మోగుతున్నాయి, రెండు రీడ్లు పలకడం లేదు, బాస్ లైన్ మొత్తం దిగిపోయింది.

మేస్త్రీ మొదట పెట్టె విప్పలేదు. స్టాపులన్నీ (లైన్లకు గాలి వదిలే పిడులు) మూసి, తిత్తి కొట్టి, లోపలి తిత్తిని నింపి, చెయ్యి తీసి చూశాడు. స్టాపులు మూసినప్పుడు లోపల నిండిన గాలి అలాగే ఉండాలి. అది తనంతట తానే దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టు. తర్వాత అగరుబత్తి వెలిగించి మడతల వెంట, మూలల దగ్గర మెల్లగా తిప్పాడు. పొగ ఎక్కడ చెదిరితే అక్కడ రంధ్రం. బయటి తిత్తి పైమూల రెండు మడతల దగ్గర, లోపలి తిత్తి తోలు కుట్టు దగ్గర ఒకచోట దొరికాయి. కొందరు గాలి పోతోందని చెప్పగానే తిత్తి మొత్తం మార్చాలంటారు. ముందు పొగపరీక్ష చేసి చూపించమని అడగండి. మూలలే పోయి గుడ్డ బాగుంటే మూలలకు తోలు వేస్తే చాలు. ఈ పెట్టెకు గుడ్డ కూడా పెళుసెక్కింది కాబట్టి బయటి తిత్తికి కొత్తది వేయక తప్పలేదు.

అతికించడానికి సరేసు, అంటే పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసే జిగురు వాడాడు. ఈ దుకాణానికి ఎక్కువ మార్కులు వేయాల్సింది ఇక్కడే. ఫెవికాల్‌తో పని తొందరగా అవుతుంది, చూడ్డానికి శుభ్రంగా కూడా ఉంటుంది. కానీ పదేళ్ళ తర్వాత మళ్ళీ విప్పాల్సి వస్తే తోలుతో పాటు చెక్క పొర కూడా లేచి వస్తుంది. సరేసు అయితే వేడి నీళ్ళ గుడ్డతో తడిపి, కాసేపాగి లాగితే శుభ్రంగా ఊడుతుంది. దాని లోపం ఒకటుంది: బొద్దింకలకు, ఎలుకలకు సరేసు ఇష్టం. మందిరం బీరువాలో ప్రసాదం పొట్లాల పక్కనో, బిస్కెట్ల డబ్బాల పక్కనో హార్మోనియం పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నొక్కకుండా మోగే మెట్లకు కారణం వేరే. ప్రతి మెట్టు కింద తోలు అతికించిన సన్నటి చెక్కపట్టీ ఒకటి గాలిరంధ్రాన్ని మూసి ఉంచుతుంది. మెట్టు నొక్కితే అది లేస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని మళ్ళీ దించుతుంది. తోలు గట్టిపడితే అంచు సరిగా ఆనదు. దుమ్ము రేణువు ఒక్కటి ఇరుక్కున్నా చాలు, గాలి కారి సన్నగా కూత పెడుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి పక్క మెట్టుతో రాసుకుని పైకి రాకపోవడం ఇంకో రకం, దానికి తోలు మార్చి లాభం లేదు. మెట్టును వేలితో పైకి లేపి చూడండి. కూత ఆగితే చెక్క రాపిడి, ఆగకపోతే తోలు లేదా దుమ్ము. సార్ పెట్టెలో మూడింటికీ తోలే కారణం. మేస్త్రీ మూడింటికే కాకుండా 42కీ మెత్తటి గొర్రెతోలు వేస్తానన్నాడు. అది అదనపు బేరం కాదు. ఒకే రోజున వేసిన తోలు ఒకే కాలానికి గట్టిపడుతుంది. ఇవాళ మూడు మారిస్తే వచ్చే ఏడాది ఇంకో అయిదుకు మళ్ళీ విప్పాలి.

రీడ్ల దగ్గర కాస్త ఆగాలి. పలకని రెండింటిలో ఒకదానికి ఇత్తడి నాలుకకూ ప్లేటుకూ మధ్య సందులో దుమ్ము కూరుకుపోయింది, అంతే. సన్నటి కాగితం ముక్క దూర్చి లాగితే పోయింది. గోటితో, గుండుసూదితో మీటే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానండి. నాలుక వంగితే శ్రుతి పోతుంది, ఎత్తు మారితే గాలి ఎక్కువ తాగి ఆలస్యంగా పలుకుతుంది. రెండోది నిజంగానే విరిగింది. రీడు హఠాత్తుగా విరగదు, ముందు సూచన ఇస్తుంది. నిన్నటి దాకా సరిగ్గా ఉన్న స్వరం ఈ రోజు ఉన్నట్టుండి దిగిందంటే నాలుక మొదట్లో పగులు మొదలైనట్టు. దాన్ని గీకి శ్రుతి చేయకూడదు, మార్చాలి. తిత్తి గట్టిగా కొట్టి, స్టాపులన్నీ తెరిచి వాయించేచోట ఇవి త్వరగా పోతాయి. ఇన్నేళ్ళ పెట్టెలో విరిగింది ఒకే ఒక్క రీడు. సార్ ఎడమచేయి ఎంత నెమ్మదిగా కదిలేదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మెట్ల మీద ఇంకో సాక్ష్యం ఉంది. రెండో శ్రుతిలో షడ్జమానికి పడే రెండో తెల్లమెట్టు, దాని పంచమం పడే ఆరో మెట్టు, ఈ రెండూ గుంట పడ్డంతగా అరిగాయి. నల్లమెట్లలో నాలుగున్నర (నాలుగు, ఐదు తెల్లమెట్ల మధ్యది) ఒక్కటే నిగనిగలాడుతోంది. రెండు శ్రుతిలో మోహన రాగం వాయిస్తే తగిలే నల్లమెట్టు అదే. మందిరంలో ఆడా మగా కలిసి పాడతారు. మగవాళ్ళకు హాయిగా ఉండే ఒకటిలో ఆడవాళ్ళ గొంతు అడుగుకు పోతుంది, ఆడవాళ్ళకు హాయిగా ఉండే ఐదులో మగవాళ్ళు అరవాల్సి వస్తుంది. రెండు దగ్గర ఇద్దరూ కలుస్తారని సార్ లెక్క. మేస్త్రీ అరిగిన మెట్ల మీద వేలు పెట్టి, "ఈ అరుగుడు మీ సార్‌ది. మార్చుమంటే మారుస్త, గని నన్నడిగితే వద్దు" అన్నాడు. కొత్త పట్టీలు వేస్తే బిల్లు పెరిగేది, అయినా వద్దన్నాడు. మార్చలేదు.

శ్రుతి చేయడం అసలు పరీక్ష. రీడు నాలుక కొన దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది. ప్రతి గీకుడుకూ ఇత్తడి పలచనవుతుంది, తిరిగి రాదు. అందుకే ఎంత తక్కువ గీకితే అంత మంచి మేస్త్రీ. ఇక్కడ ముందు మేల్ లైన్‌ను దానికదే సరిచేశాడు, తర్వాత బాస్ లైన్‌ను దానికి కలిపాడు. రెండూ కలిపి మోగించినప్పుడు స్వరం అలలు అలలుగా ఊగితే ఇంకా కలవనట్టు. ఆ అలలు నెమ్మదించి, ఆగిపోయేదాకా ఒక్కో మెట్టు దగ్గరా కూర్చున్నాడు. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకున్నాడు కానీ చివరి మాట చెవిదే.

సంఘం మొదట అడిగింది వేరు. యవ్వనస్థులు ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిస్తారు, అది 440లో, అంటే ఆరో మెట్టు సెకనుకు 440 సార్లు కంపించే శ్రుతిలో ఉంటుంది. సార్ పెట్టె దానికంటే 20 సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) పైన, అంటే 445 దగ్గర ఉంది. హార్మోనియాన్ని 440కి దించమన్నారు. మేస్త్రీ ఒప్పుకోలేదు. 84 రీడ్లను మొదట్లో గీకి దించడం కంటే, కీబోర్డులో ట్యూనింగ్ మెనూ తెరిచి 440ని 445 చేయడం అర నిమిషం పని. చాలా కీబోర్డుల్లో ఆ సదుపాయం ఉంటుంది. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఇది కాదు, అది అర స్వరం చొప్పునే జరుగుతుంది. ట్యూనింగ్ అన్నది వేరే వెతకాలి. హార్మోనియం, కీబోర్డు కలిపి వాయించే ప్రతి మందిరంలోనూ ఇది పనికొస్తుంది. కీబోర్డును ఆపి మళ్ళీ వేస్తే కొన్నింట్లో సంఖ్య 440కి తిరిగిపోతుంది, ఆరాధనకు ముందు ఒకసారి చూసుకోవాలి.

హార్మోనియం కీర్తనలకు తగదనే మాట పాతది. ఆకాశవాణి 1940లో దాన్ని పక్కనపెట్టి 1971లో మళ్ళీ రానిచ్చింది. మెట్టుకు మెట్టుకు మధ్య జారలేదు, గమకం (స్వరాన్ని ఊపి పలకడం) పలకదు, అది నిజమే. మన కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆనందభైరవి అని ఉన్నచోట గాంధారాన్ని మెట్టు మీద కదిలించబోతే వికారంగా ఉంటుంది. సార్ అలాంటిచోట మెట్టు వదిలేసి షడ్జమ పంచమాలు పట్టి ఉంచేవారు, గమకం గొంతుల పని. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పాటలోని ప్రతి అక్షరానికీ ఒక మెట్టు నొక్కుతున్నారు. అది తగ్గితే సగం మందిరాల్లో పాట బాగుపడుతుంది.

ఇప్పుడు పొరపాటు. హార్మోనియం పైమూత లోపలివైపు సార్ రాసిన పట్టిక ఉంది. నాలుగు నిలువు వరుసలు: పాట నంబరు, రాగం, తాళం, శ్రుతి. పెన్సిల్‌తో సన్నటి అడ్డగీతలు కొట్టుకుని, నిబ్బుతో, నల్లటి ఇండియన్ ఇంకుతో రాశారు. తలకట్లన్నీ ఒకే గీత మీద ఉంటాయి. ఒత్తులు వచ్చినచోట కింది వరుసకు తగలకుండా ముందే జాగా వదిలి ఉంటుంది. బడిలో లెటరింగ్ ఎలా నేర్పేవారో చూడాలంటే ఆ మూత చాలు. పెట్టె ఇచ్చేటప్పుడు మూత లోపల ముట్టుకోవద్దని చెప్పారు. అయితే దుకాణంలో పని నేర్చుకుంటున్న కుర్రవాడు పెట్టె మొత్తానికి స్పిరిట్ పాలిష్ కొడుతూ కింది మూలలో ఒకసారి గుడ్డ ఆడించాడు. వరుసలో రెండు అక్షరాలు చెదిరాయి.

దానికి కారణం ఉంది. నీళ్ళకు చెరగని ఇండియన్ ఇంకులో లక్క కలుస్తుంది. స్పిరిట్ పాలిష్ అంటేనే స్పిరిట్‌లో కరిగించిన లక్క. నీళ్ళ గుడ్డతో తుడిస్తే చెక్కుచెదరని రాత స్పిరిట్ తగలగానే కరుగుతుంది. నోటితో చెప్పడం సరిపోదు. రాత, సంతకం, బొమ్మ ఉన్న భాగం మీద కాగితం కప్పి చుట్టూ టేపు వేసి ఇవ్వండి, టేపు రాతకు తగలకుండా. వీలైతే మూత మరలు విప్పి ఇంట్లోనే ఉంచుకోండి, రిపేరుకు మూతతో పనిలేదు. మేస్త్రీ దాచలేదు, తనే చూపించి పాలిష్ డబ్బు తీసుకోలేదు. చెదిరిన అక్షరాలను మళ్ళీ దిద్దుతామని వచ్చినవాళ్ళకు సంఘం వద్దంది. దిద్దితే అది సార్ రాత కాదు.

ఫ్రేముల దుకాణం గురించి ఇంత మెచ్చుకోలు లేదు. బొమ్మలు 15 × 22 అంగుళాల కాగితం మీద వేసినవి. ఒకటి పిల్లలమర్రి. 2017 డిసెంబరులో పెద్దకొమ్మ విరగక ముందటి చెట్టు, 2018లో చెదలకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించక ముందటి చెట్టు అందులో ఉంది. ఊడల నీడలు పచ్చగా కాకుండా ఊదాగా వేశారు. ఎండాకాలం మధ్యాహ్నం అక్కడ నిలబడ్డవాళ్ళకు అది ఎంత నిజమో తెలుస్తుంది.

మొదటిసారి ఆ దుకాణం బొమ్మను నేరుగా అద్దానికి ఆనించి, వెనక హార్డ్‌బోర్డు పెట్టి, నాలుగు అంచులా సెల్లోటేపు వేసి ఇచ్చింది. చూడ్డానికి బిగువుగా ఉంది. అయితే ఇందులో నాలుగు తప్పులున్నాయి. అద్దానికి ఆనిన కాగితం వానాకాలంలో చెమ్మ పట్టి బూజు పడుతుంది, రంగు అద్దానికి అంటుకుంటుంది. హార్డ్‌బోర్డులోని ఆమ్లం కొన్నేళ్ళకు కాగితాన్ని గోధుమరంగుకు తెస్తుంది. సెల్లోటేపు జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది, ఆ మరక పోదు. నాలుగు వైపులా అంటించిన కాగితం తేమకు పెరగడానికి చోటులేక అలలు పడుతుంది. ఇంకో దుకాణంలో అయితే లామినేషన్ చేస్తామన్నారు. నీటిరంగుల బొమ్మకు దాన్ని మించిన అన్యాయం లేదు, వేడికి అంటుకున్న ప్లాస్టిక్‌ను మళ్ళీ తీయలేరు.

అదృష్టం కొద్దీ వారంలోపే విప్పించారు, టేపు ఇంకా పట్టలేదు. రెండోసారి చేయించిన పద్ధతి ఇది. ఆమ్లం లేని మౌంట్ బోర్డు (బొమ్మకూ అద్దానికీ మధ్య వచ్చే మందపాటి అట్ట) తెప్పించి, బొమ్మ కనిపించేలా అందులో కిటికీ కోయించారు. బొమ్మ అంచు చుట్టూ పావు అంగుళం లోపలికి పోయేలా కిటికీ, పైనా పక్కలా 2 అంగుళాల మార్జిన్, కింద రెండున్నర. కింద ఎక్కువ ఎందుకంటే, సమానంగా వదిలితే గోడ మీద బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది. అడ్డబొమ్మకు మౌంట్ మొత్తం 25½ × 19 అంగుళాలు వచ్చింది. బొమ్మను పై అంచున రెండేచోట్ల, పలచటి కాగితం పట్టీలతో, ఉడికించిన మైదా జిగురుతో వేలాడదీశారు. మిగతా మూడు వైపులా స్వేచ్ఛగా ఉంది. బొమ్మ వెనకా మౌంట్ బోర్డే వేసి, హార్డ్‌బోర్డు దాని వెనక్కి పోయింది. ఫ్రేము వెనక సందులన్నీ కాగితంతో మూసేశారు, వెండిచేప పురుగు దూరకుండా.

ఎక్కడ తగిలించాలన్నది ఫ్రేమంత ముఖ్యం. సార్ గుల్‌మొహర్ పూలకు స్కూలు రంగుల్లోని క్రిమ్సన్ లేక్ వాడారు. ఆ ఎరుపు వెలుతురుకు నిలవదు. పసుపు, నీలం ఉండగానే అది వెలిసిపోయి పూలు బూడిదరంగుకు తిరుగుతాయి. అందుకే ఆ బొమ్మను కిటికీకి ఎదురుగోడకు కాకుండా కిటికీ ఉన్న గోడకే వేశారు. స్టేజి వెనక పెద్ద ఫ్లెక్సీలో సార్ ఫొటో వేసి, బొమ్మలను కూడా అందులోనే చిన్నచిన్నగా అచ్చువేయించాలన్న ఆలోచన వచ్చింది కానీ మానుకున్నారు. నిజం బొమ్మలు గోడ మీద ఉండగా ఫ్లెక్సీతో పని లేదు.

ఖర్చు. హార్మోనియానికి తిత్తి గుడ్డ, మూలల తోలు 1,800, మెట్ల తోలు 900, కొత్త రీడు ఒకటి, ఇంకో రీడు శుభ్రం కలిపి 300, శ్రుతి 1,500. మొత్తం 4,500 రూపాయలు. ఫ్రేములు ఒక్కోటి 650 చొప్పున 7,150. మౌంట్ బోర్డు విడిగా తెప్పించిన ఖర్చు ఇందులో లేదు. హార్మోనియం 12 రోజుల్లో ఇచ్చాడు, చెప్పింది 10. సరేసు ఆరడానికి రెండు రోజులు ఎక్కువ తీసుకున్నాడు, అది మంచిదే.

తిరిగి వచ్చాక ఒక లైన్ తెరిచి, ఒకే మెట్టు నొక్కి, తిత్తి ఒక్కసారి నింపి వదిలితే 22 సెకన్లు పలికింది. ఇచ్చేముందు రెండు సెకన్లు కూడా లేదు. మీ పెట్టెను ఇచ్చేముందు ఇలాగే లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి, తెచ్చుకునేటప్పుడు దుకాణంలోనే మళ్ళీ లెక్కపెట్టండి. 42 మెట్లూ ఒక్కో లైన్ మీద విడివిడిగా నొక్కి చూడండి. రెండు లైన్లూ తెరిచి చూస్తే ఒకదాని లోపం ఇంకోదాంట్లో దాక్కుంటుంది. ఇంటికి తెచ్చాక ఎవరూ వాయించేవాళ్ళు లేకపోయినా వారానికి పది నిమిషాలు అన్ని మెట్లూ కదలాలి. మూసేటప్పుడు తిత్తిలో గాలి వదిలి, స్టాపులు లోపలికి నెట్టి, కొక్కెం పెట్టాలి.

ఇచ్చే కాలం కూడా చూసుకోండి. డిసెంబరులో అన్ని సంఘాల పెట్టెలూ, డోలక్‌లూ ఒకేసారి అక్కడికి చేరతాయి, పని తొందరలో పడుతుంది. వానాకాలంలో సరేసు ఆరదు. ఈస్టర్ అయిన వారంలో ఇస్తే పాలమూరు ఎండకు చెక్క పూర్తిగా బిగుసుకుని, ఏ అతుకు విడిందో అప్పుడే బయటపడుతుంది. మేస్త్రీకి చేతి నిండా సమయం ఉంటుంది. దుకాణం ఆదివారం మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో ఉదయం పదకొండు దాటాక వెళ్ళండి.